నేటి మన్నా నేటికే
(రేడియో ప్రసంగ పాఠము)

రేడియో దగ్గర కూర్చున్నవారికీ, వంటింట్లో పని చేసుకుంటూ వింటున్న సహోదరీలకూ, సెల్‌ఫోనులో వింటున్న యవ్వనస్థులకూ, మంచం మీద నుండి వింటున్న పెద్దలకూ దేవుడు ఈ ఉదయాన తన సమాధానమును దయచేయును గాక.

పోయిన నెల ప్రకాశం జిల్లా నుండి ఒక సహోదరి రాసిన ఉత్తరం మాకు అందింది. రెండు పేజీల ఉత్తరం. సాధారణంగా మనకు వచ్చే ఉత్తరాల్లో పిల్లల చదువుల కోసం, ఉద్యోగాల కోసం, అప్పుల కోసం ప్రార్థన విన్నపాలు ఉంటాయి. ఈమె రాసింది వేరు. "అయ్యగారూ, నేను ఇప్పటికి ఆరుసార్లు బరువు తగ్గాను, ఏడుసార్లు పెరిగాను. మొదలుపెట్టినప్పుడు మూడు వారాలు నాలో అగ్ని ఉంటుంది. నాలుగో వారంలో అది ఎక్కడికి పోతుందో తెలియదు. నాకు విశ్వాసం తక్కువా? నాది తిండిపోతుతనమనే పాపమా? ఈ మాట మా సంఘంలో ఎవరినీ అడగలేక మీకు రాస్తున్నాను" అని రాసింది.

ఆ ఉత్తరం చదివి నేను వెంటనే జవాబు రాయలేకపోయాను. ఎందుకంటే అది నా ఉత్తరం కూడా. ఆమె రాసింది, నేను రాయలేదు, అంతే తేడా.

శ్రోతలారా, నా సాక్ష్యం మీకు చెప్పనివ్వండి. 2019వ సంవత్సరంలో నా బరువు 92 కిలోలు. నా ఎత్తు 165 సెంటీమీటర్లు. అప్పటికి సుమారు రెండేళ్ళుగా నేను మోకరించి ప్రార్థన చేయడం మానేశాను. మానేశాను అని చెప్పడం కూడా పూర్తి నిజం కాదు. మోకరించలేకపోయాను. వంగితే లేవలేను. సంఘంలో "వయసు అయ్యగారికి" అనుకున్నారు, నేను కూడా అలాగే చెప్పాను. పుల్పిట్ వెనుక ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నాను. "అందరం మోకరిద్దాం" అని మైకులో చెప్పి నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి. అందరి కళ్ళూ మూసి ఉంటాయి కనుక ఎవరూ చూడరని ధైర్యం.

ఆ సంవత్సరమే రక్త పరీక్ష చేయించుకుంటే మూడు నెలల షుగరు సగటు 6.3 వచ్చింది. 5.7 లోపు ఉండాలి, 6.5 దాటితే మధుమేహం. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. మా అమ్మ షుగరు వల్ల కుడికాలి రెండు వేళ్ళు పోగొట్టుకుంది. ఆ కట్టు విప్పి కట్టింది నేనే. కనుక నాకు భయం వేసింది. మరుసటి ఉదయం నుండే నడక మొదలుపెట్టాను. భయం నన్ను పందొమ్మిది రోజులు నడిపించింది. ఇరవయ్యో రోజు వాన పడింది. ఇరవై ఒకటో రోజు వాన పడలేదు గాని నేను లేవలేదు.

ఇక్కడ నిర్గమకాండము 16వ అధ్యాయము జ్ఞాపకం చేసుకుందాం. ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఉన్నారు. తెల్లవారగానే మంచుతో పాటు మన్నా కురుస్తుంది. ఒక్కొక్కరికి ఓమెరు చొప్పున ఏ పూటకాపూట, ఏ రోజుకారోజు ఏరుకోవాలి. ఎండ ముదిరితే కరిగిపోతుంది. కొందరు తెలివిగా మర్నాటికి దాచుకున్నారు. తెల్లారేసరికి పురుగులు పట్టి కంపు కొట్టింది. ఈ భాగం మీద నేను ముప్పై ఏళ్ళలో ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్క లేదు. దేవుడు పోషిస్తాడు, దిగులుపడవద్దు అని చెప్పాను. కానీ నా నడక చెప్పులు మూలన పడి ఉన్న ఆ వారంలో ఆ అధ్యాయం నాకు వేరుగా కనబడింది. ఆసక్తి కూడా మన్నా లాంటిదే. డాక్టరు గదిలో పుట్టిన భయాన్ని నేను దాచుకుని, నెల రోజులు అదే తిని బ్రతకాలని చూశాను. మూడో వారానికి పురుగు పట్టింది. అది నా విశ్వాస లోపం కాదు, ఆ ఆహారం స్వభావమే అంత. నిన్నటిది నేటికి పనికిరాదు.

సహోదరీ, నీ ఉత్తరానికి నా జవాబులో మొదటి సగం ఇదే. నీ అగ్ని నాలుగో వారంలో ఆరిపోవడం వింత కాదు. అందరిదీ ఆరుతుంది. ఆరదని ఎవరైనా చెబితే వారు ఏదో అమ్ముతున్నారని అనుకో.

రెండవ సగం శరీరానికి సంబంధించినది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944, 45 సంవత్సరాల్లో ఒక పరిశోధన జరిగింది. యుద్ధంలో ఆయుధం పట్టమని చెప్పిన యువకులు 36 మంది దానికి స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. వారిలో చాలామంది శాంతిని బోధించే క్రైస్తవ సంఘాల వారే. యుద్ధంలో ఆకలితో మాడిన ప్రజలకు తిరిగి ఆహారం ఎలా పెట్టాలో తెలుసుకోవడం కోసం వీరు ఆరు నెలలు సగం ఆకలితో ఉన్నారు. తమ బరువులో సుమారు నాలుగో వంతు కోల్పోయారు. ఆ కాలంలో వారికి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదువుకున్నారు. కంచాలు నాకారు. తర్వాత మామూలు భోజనం పెడితే ఎంత తిన్నా చాలలేదు. వీరు మనస్సాక్షి కోసం ప్రజల నింద భరించిన మనుష్యులు. వారికి నిగ్రహం లేదని ఎవరు అనగలరు? శరీరం కరువు వచ్చిందనుకుంది. కరువు వస్తే ఏం చేయాలో అది చేసింది.

మనం పదిహేను రోజులు అన్నం పూర్తిగా మానేసి, కీర దోసకాయలతో గడిపి, పదహారో రోజు రాత్రి ఫ్రిజ్ ముందు నిలబడతాం చూడండి, అప్పుడు పనిచేసేది అదే. కనుక కఠినంగా మొదలుపెట్టవద్దు. మా డాక్టరు గారు నాకు చెప్పింది విని నేను ఆశ్చర్యపోయాను. మన దేశస్థులకు బి.ఎం.ఐ. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని లెక్క. నడుము పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటకూడదు. ఆ లెక్క ప్రకారం నేను 62 కిలోలు ఉండాలి. ముప్పై కిలోలు తగ్గాలి! అది వినగానే ఇంటికి వెళ్ళి పకోడీ తినాలనిపిస్తుంది. కానీ ఆయన, "62 సంగతి మరచిపోండి, ఆరున్నర కిలోలు తగ్గండి, నెమ్మదిగా" అన్నారు. అది నా బరువులో నూటికి ఏడు వంతులు. 2002లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, షుగరు గుమ్మంలో ఉన్నవారికి ఇదే లక్ష్యం పెట్టారు. ఏడు శాతం బరువు, వారానికి 150 నిమిషాల నడక. మధుమేహం వచ్చే ప్రమాదం 58 శాతం తగ్గింది. మన చెన్నైలో చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలోనైతే, ఆహారం మార్చుకుని నడిచినవారికి బరువు పెద్దగా తగ్గకపోయినా, షుగరు రావడం నాలుగో వంతు కంటే ఎక్కువే తగ్గింది. కాటా మీది ముల్లు కదలని వారంలో ఈ మాట తలుచుకోండి. ముల్లు ఒక్కటే సాక్షి కాదు.

ఇప్పుడు సేవకుల బాధ ఒకటి చెప్పాలి. కాపరులెవరైనా వింటుంటే వారికి తెలుసు. గృహ సందర్శనకు వెళితే ఇంటికొక టీ. రెండు చెంచాల పంచదార, పక్కన జంతికలు. ఆరు ఇళ్ళు తిరిగితే ఆరు టీలు. పంచదారలోనే రెండు వందల కేలరీలు దాటిపోతాయి, పాలూ జంతికలూ వేరు. వద్దంటే నొచ్చుకుంటారు. ఒక పెద్దమ్మ గారు పక్కింటి నుండి చేబదులుగా పంచదార తెచ్చి నాకు టీ పెట్టింది. దాన్ని ఎలా వద్దంటాను? చాలాకాలం ఆమె ప్రేమను నా సాకుగా వాడుకున్నాను. చివరికి ఒక ఆదివారం ప్రకటనల సమయంలో సంఘానికి ఉన్నది చెప్పాను. "నాకు షుగరు రాబోతోంది. మీ ఇంటికి వస్తాను, మజ్జిగ ఇవ్వండి, లేదా నీళ్ళు ఇవ్వండి, ప్రార్థన మాత్రం పూర్తిగా చేస్తాను" అన్నాను. ఎవరూ నొచ్చుకోలేదు. ఆ పెద్దమ్మ గారు మజ్జిగలో అల్లం, కరివేపాకు వేసి సిద్ధంగా ఉంచేది. దాచిపెట్టినంతకాలం నేను ఒంటరిగా పోరాడాను. చెప్పిన తర్వాత ఊరంతా నాకు కాపలా కాసింది. ఒక్కోసారి ఎక్కువే కాసింది అనుకోండి, పెళ్ళి భోజనంలో నా విస్తరిలో ఏముందో నలుగురు చూసేవారు.

అయితే కాపలా వేరు, సిగ్గుపరచడం వేరు. ఇది నా తప్పు, ఈ మైకు ముందే ఒప్పుకుంటాను. చాలా సంవత్సరాల క్రితం మా సంఘంలో పాటలు నడిపించే ఒక సహోదరి ఉండేది. భారీ మనిషి. ఒక ఆదివారం ఆమె కూర్చోబోతుంటే నేను మైకులో, "అమ్మా, బల్ల జాగ్రత్త, కానుకలతో కొన్నది" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత మూడు ఆదివారాలు రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. నా భార్య చెబితే తెలిసింది. వెళ్ళి క్షమించమని అడిగాను. ఆమె, "మీరన్నది అబద్ధం కాదు అయ్యగారూ. కానీ నేను దేవుని సన్నిధిలో కూర్చోడానికి వచ్చాను, తూకం వేయించుకోడానికి రాలేదు" అంది.

ఆమె క్షమించింది. తిరిగి వచ్చింది. పాడింది. కానీ ఆ మూడు ఆదివారాల్లో ఆమె బరువు తగ్గలేదు, పెరిగింది, ఆ మాట తర్వాత ఆమే చెప్పింది. సిగ్గు మనిషిని నడక దారికి పంపదు, తలుపు వేసుకునేలా చేస్తుంది. శరీరము దేవుని ఆలయమని పౌలు భక్తుడు కొరింథీయులకు రాసిన మాటను మనం లావైన వారి మీద కర్రలా ఎత్తుతుంటాం. ఆ అధ్యాయం తీసి చూడండి, ఆయన అక్కడ జారత్వమును గూర్చి మాట్లాడుతున్నాడు, నడుము కొలతను గూర్చి కాదు. శరీరాన్ని కాపాడుకోవలసిన బాధ్యత మనకుంది, నిజమే. కానీ కొందరికి థైరాయిడ్ వల్ల, కొందరికి వాడే మందుల వల్ల, కొందరికి పుట్టుకతో వచ్చిన ఒంటి తత్వం వల్ల బరువు ఉంటుంది. ఎవరి కంచంలో ఎంత ఉందో కాటా చెప్పదు. సహోదరీ, నీ ప్రశ్నకు నేను చెప్పగలిగింది ఇదే: పాపమని నిన్ను నీవు కొట్టుకుంటూ నడవలేవు. ముందు ఆ కర్ర కింద పడవేయి.

ఇక పండుగల సంగతి. నేను పట్టుదలగా పది నెలలు ఏరుకుని 83 కిలోలకు వచ్చాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. చర్చి మూతపడింది, నడక మూతపడింది, వంటగది మాత్రం మూతపడలేదు. ఆ డిసెంబరుకు మళ్ళీ 88. సెమీ క్రిస్మస్ కేకులు, క్రిస్మస్ బిర్యానీ, వాచ్ నైట్ ఆరాధన తర్వాత టీ బిస్కట్లు. "సరే, కొత్త సంవత్సరం మొదలుపెడదాం" అనుకున్నాను. జనవరి 1న ప్రేమ విందు. "సంక్రాంతి సెలవులకు పిల్లలు వస్తారు, వారు వెళ్ళాక చూద్దాం." తర్వాత "భస్మ బుధవారం నుండి చూద్దాం, శ్రమ దినములు నలభై రోజులు కలిసొస్తాయి." పెద్ద తేదీ కోసం ఎదురుచూసే మనిషి చిన్న పూటలన్నీ పోగొట్టుకుంటాడు. మన్నా పండుగ చూసి కురవలేదు. మంగళవారం కూడా కురిసింది. తప్పిపోయిన పూట తర్వాత వచ్చే పూటే మొదలు. మధ్యాహ్నం విందులో ఎక్కువ తిన్నానా, రాత్రి పస్తు ఉండను, శిక్ష వేసుకోను. మామూలుగా, కొలత ప్రకారం తింటాను.

ఆ అధ్యాయంలోనే ఇంకొక సంగతి ఉంది. ఆరవ దినమున రెండంతలు ఏరుకోవాలి, ఎందుకంటే మరునాడు విశ్రాంతి దినము. ఆ రోజు దాచినది మాత్రం పురుగు పట్టలేదు. రేపు విందు ఉందని ముందే తెలిస్తే ఈరోజే సిద్ధపడవచ్చు. నేను పెళ్ళికి ఆకలితో వెళ్ళను. ఇంట్లో ఒక గిన్నెడు పెసలు, ఒక జామకాయ తిని వెళతాను. ముందు కూరలు వడ్డించమంటాను, తర్వాత అన్నం. రెండోసారి వడ్డించేవారు వచ్చేసరికి చేయి కడుక్కోవడానికి లేస్తాను. ఇదేమీ ఆత్మీయ మర్మం కాదు.

కొలత అన్నాను కదా. ఇశ్రాయేలీయుల దగ్గర ఓమెరు ఉన్నట్టు మా ఇంట్లో ఒక స్టీలు గ్లాసు ఉంది. మా ఇద్దరికీ పూటకు గ్లాసున్నర బియ్యం పోసేది నా భార్య. ఇప్పుడు ముప్పావు గ్లాసు. మిగతా చోటు పప్పు, ఆకుకూర, కాయగూరలు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మన కేలరీలలో ధాన్యాల నుండి వచ్చేది 45 శాతం మించకూడదు. మన తెలుగు ఇళ్ళలో అన్నం గుట్ట, కూర గోరంత. నూనెను కూడా చెంచాతో కొలుస్తుంది ఆమె. సీసా వంచి పోయదు. "చేతి కొలత తప్పదు అనుకునేదాన్ని, చేతికీ ఆశ ఉంటుందని ఇప్పుడు తెలిసింది" అంటుంది. నేను తగ్గిన బరువులో సగం ఘనత ఆ గ్లాసుది, అంటే ఆమెది.

ఉపవాసముల గురించి ఒక హెచ్చరిక. ఉపవాసం ప్రార్థన కోసం, కాటా కోసం కాదు. పగలంతా ఉండి రాత్రి పదింటికి రెండు పూటల భోజనం ఒకేసారి తినడం ఆరోగ్యం కాదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండవద్దు. షుగరు పడిపోయి మందిరంలోనే సొమ్మసిల్లినవారిని చూశాను. అలాగే 2025లో బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశానికి కూడా వచ్చాయి. వాడటం విశ్వాసానికి విరుద్ధమా అని కొందరు అడుగుతున్నారు. కళ్ళజోడు విరుద్ధం కానట్టే ఇదీ కాదు. అవసరం ఉందో లేదో డాక్టరు చెప్పాలి. అయితే అవి మానేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుందని పరిశోధనల్లో తేలింది. కనుక ఆ మందు వాడేవారికి కూడా ఏ రోజుకారోజు ఏరుకునే పని తప్పదు.

ఒంటరిగా ఏరుకోవడం కష్టం. ముఖ్యంగా స్త్రీలకు. పల్లెలో ఒక సహోదరి చీర కట్టుకుని రోడ్డు మీద వేగంగా నడిస్తే "ఎక్కడికి పరుగు?" అని నవ్వేవారు ఉంటారు. మా మందిరంలో వేకువ ప్రార్థన అయ్యాక స్త్రీల సమాజం వారు నలుగురు ఆవరణ చుట్టూ నడవడం మొదలుపెట్టారు. ఇప్పుడు పదకొండు మంది అయ్యారు. ఎవరైనా రాకపోతే మిగిలినవారు వెళ్ళి గేటు కొడతారు. ఆసక్తి నాలో ఆరిపోయిన రోజున పక్కవారిలో ఉంటుంది. అందుకే నేనూ ఒంటరి నడక మానేసి, మా సంఘ పెద్దలు ఇద్దరితో కలిసి నడుస్తున్నాను. వాన వస్తే మందిరం లోపలే, బల్లల మధ్య. ఆ నలుగురిలో మొదట అడుగు వేసింది ఎవరో చెప్పలేదు కదూ? పాటలు నడిపించే ఆ సహోదరే.

ఈ ప్రసంగం రికార్డు చేస్తున్న నాటికి నా బరువు 82 కిలోల 400 గ్రాములు. పోయిన వారం కంటే 600 గ్రాములు ఎక్కువ, మధ్యలో రెండు పెళ్ళిళ్ళు జరిపించాను. ప్రతి సోమవారం ఉదయం కాటా ఎక్కి, గోడ క్యాలెండరులో రాస్తాను. షుగరు 5.9 ఉంది. ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందట. అది నిజమో కాదో నా మోకాళ్ళను అడగండి. పుల్పిట్ వెనుక ప్లాస్టిక్ కుర్చీని 2022లో తీయించేశాను. ఇప్పటికీ లేచేటప్పుడు బల్ల పట్టుకుంటాను.

ప్రకాశం జిల్లా సహోదరీ, నీ ఊరిలో నీతో నడిచే ఒక్కరి పేరు మాకు రాయి, ఆ ఇద్దరి కోసం పేరు పెట్టి ప్రార్థిస్తాం. బరువు గురించి ఎవరికీ చెప్పుకోలేక వింటున్నవారు కూడా రాయండి. మీ ఉత్తరాలు నేనే చదువుతాను.

ఇప్పుడు ప్రార్థన చేసుకుందాం. మోకరించగలిగినవారు మోకరించండి. మోకరించలేనివారు కుర్చీలోనే కూర్చోండి, సిగ్గుపడవద్దు. ప్రేమగల తండ్రీ, ఈ ఉదయమునకు కావలసిన బలమును ఈ ఉదయమే మాకు దయచేయుము. రేపటి కోసం రేపు వచ్చి అడుగుతాము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.